టీచరమ్మ రాజు

నేను ఒక మనిషిని ఇనుప కడ్డీతో రెండుసార్లు కొట్టాను. మొదటి దెబ్బ కొట్టకపోతే ఇవాళ ఇది రాయడానికి ఉండేదాన్ని కాదేమో. రెండో దెబ్బ అవసరం లేదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, కోర్టుకూ తెలుసు. దాని చుట్టూ ఉన్న కథ మాత్రం నేనెవరికీ పూర్తిగా చెప్పలేదు. అందులో సగం ఒక అరబ్బు రాజు కథ. ఆయన్ని నేను చూడలేదు. నేను పుట్టిన కొన్నేళ్లకే ఆయన్ని చంపేశారు.

అప్పట్లో మేం వర్జీనియాలో హెర్న్‌డన్‌లో ఉండేవాళ్లం. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పేదాన్ని. స్కూలు నడిపేది ఒక కొరియన్ పెద్దాయన. మగవాడి పక్కన కూర్చుని నేర్చుకోవడం ఇష్టంలేని ఆడవాళ్లందరినీ ఆయన నాకు అప్పజెప్పేవాడు. కొత్తగా కాపురానికి వచ్చిన మన అమ్మాయిలు, నలుగురైదుగురు పిల్లలున్న సోమాలీ తల్లులు, బొట్టు చూసి నాతో హిందీలో మాట్లాడబోయే ఆఫ్ఘన్ అక్కచెల్లెళ్లు. అందరికీ నేను ఒకే పాఠం చెప్పేదాన్ని: భయం వేస్తే స్టీరింగ్ వదలకు, కాలు బ్రేక్ మీద పెట్టు.

2001 జూన్‌లో వచ్చింది టీచరమ్మ. యాభై ఏళ్లు దాటిన మనిషి. ఎడారి మధ్యనున్న ఒక రాజ్యం నుంచి, భర్త పోయాక, ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న కూతురి దగ్గరికి వచ్చి ఉంటోంది. ఆవిడ దేశంలో ఆడవాళ్లు కారు నడపడానికి వీల్లేదు. ఇరవై అయిదేళ్లు ఆడపిల్లల బళ్లో లెక్కలు చెప్పింది. ఎత్తుగా, నిటారుగా ఉండేది. జుట్టు కనపడకుండా బూడిదరంగు స్కార్ఫ్ కట్టుకునేది. మా ఇద్దరి మధ్యా మాట ఇంగ్లిష్‌లోనే. ఆవిడది పుస్తకాల ఇంగ్లిష్. ఆవిణ్ణి నేను టీచర్ అని పిలిచేదాన్ని, ఇంట్లో చెప్పుకునేటప్పుడు టీచరమ్మ అయ్యేది.

మొదటి రోజే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అరచేతంత ఫొటో తీసి డాష్‌బోర్డ్ మీద నిలబెట్టింది. గద్ద ముక్కు, లోపలికి పోయిన బుగ్గలు, నిద్ర చాలని కళ్లు. మీ నాన్నగారా అని అడిగాను. కాదు, మా రాజు అంది. ముందు ఏదీ అడ్డం ఉండకూడదని చెప్పి తీయించేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఫొటో బదులు మాటల్లో ఆయన్ని కార్లోకి తెచ్చుకునేది. నేను రివర్స్ చేయించేదాన్ని, పార్కింగ్ చేయించేదాన్ని. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆవిడ ఒక ముక్క చెప్పేది.

ఆవిడకు పదేళ్లప్పుడు, ఇంకా యువరాజుగా ఉండగానే, ఆయన ఊరూరా ఆడపిల్లలకు బళ్లు తెరిపించాడట. ఆవిడ ఊరివాళ్లు ఒప్పుకోలేదు. వందల మంది మగవాళ్లు రాజధానికి పోయి మా ఊరికి ఈ పాపం వద్దని మొరపెట్టుకున్నారు. ఎవరినీ బలవంతంగా పంపమనను, పంపుతామన్న వాళ్ల కోసం మాత్రం తలుపు తెరిచే ఉంటుందని ఆయన చెప్పి పంపాడట. తలుపు తెరిచి ఉంచడానికి సైనికులు కావలసి వచ్చింది. బడి గేటు ముందు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. మొదటి వారం లోపలికి పోయిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఈవిడ ఒకతె.

తండ్రి ఖర్జూరాల వ్యాపారి. ఆయనకు చదువు రాదు. మూడో రోజు పిల్లను బడిలో దింపి వస్తుంటే సైనికులు కనపడని మలుపులో ఊరివాళ్లు పట్టుకున్నారు. వాళ్లలో సొంత బావమరిది ఉన్నాడు. ఒంటెల్ని తోలే కర్రలతో కొట్టారు. కింద పడ్డాక తల పక్కన కొట్టారు. ఎడమ చెవిలోంచి నెత్తురు వచ్చి, ఆ చెవి ఇక పనిచేయలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన తలకు గుడ్డ కట్టుకుని, కూతుర్ని చెయ్యి పట్టుకుని మళ్లీ బయల్దేరాడు. ముందు ఆవిడ అన్న నడిచాడు. పదిహేనేళ్లవాడు, చేతిలో గడ్డపార. ఆ రోజు ఎవరూ అడ్డం రాలేదట. రాళ్లు మాత్రం మేడల మీద నుంచి పడ్డాయి. ఒకటి తన వీపుకు తగిలిందనీ, ఏడవలేదనీ, ఎందుకంటే ఏడిస్తే నాన్న వెనక్కి తీసుకుపోతాడని భయం వేసిందనీ చెప్పింది.

“ఆ రోజు ఒకటి నుంచి వంద దాకా రాయడం నేర్పారు,” అంది. అప్పుడు సిగ్నల్ ఆకుపచ్చకు తిరిగి చాలాసేపయింది. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి.

ఆ యువరాజు గద్దెనెక్కాక టెలివిజన్ తెచ్చాడు. అది సైతాను పెట్టె అని జనం లేచారు. టెలివిజన్ స్టేషన్ మీదికి పోయిన గుంపుకు ముందు నడిచింది రాజుగారి సొంత తమ్ముడి కొడుకు. పోలీసులు అతన్ని కాల్చి చంపారు. రాజు తన రక్తమని చూసి ఊరుకోలేదని టీచరమ్మ గొప్పగా చెప్పింది. పదేళ్ల తర్వాత చనిపోయినవాడి తమ్ముడు రాజును చూడ్డానికి వచ్చినట్టు వచ్చాడు. వాళ్ల మర్యాద ప్రకారం ముద్దు పెట్టుకోనివ్వడానికి రాజు తల వంచాడు. అప్పుడు వాడు కాల్చాడు. ఆ మధ్యాహ్నం బళ్లో టీచర్లంతా నేల మీద కూలబడి ఏడ్చారట. తర్వాత ఆ కాల్చినవాడి తలను నగరం నడిబొడ్డున అందరి ముందూ కత్తితో నరికారు. ఆవిడ తండ్రి, ఒక చెవి వినపడని మనిషి, అంత దూరం పోయి అది చూసి వచ్చాడు. వచ్చాక రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఇవన్నీ చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో వణుకు ఉండేది కాదు. లెక్క చేసి చూపించినట్టు ఒకదాని తర్వాత ఒకటి చెప్పేది. అన్న గురించి మాత్రం గడ్డపార దగ్గరే ఆపేసింది. తర్వాత ఏం చేశాడు మీ అన్న అని నేను అడిగితే, ఈ లేన్‌లోంచి ఎప్పుడు మారాలి అని తను అడిగింది. ఆవిడకు అన్నీ వచ్చాయి, ఎడమ పక్కకు తిప్పడం ఒక్కటే రాలేదు. ఇక్కడ బళ్లు రోడ్డుకు కుడి పక్కన పోతాయి కాబట్టి ఎడమకు తిరగాలంటే ఎదురు వరసను దాటాలి. ఎదురుగా కార్లు వస్తుంటే ఎంత దూరం, ఎంత వేగం అని కాగితం మీద లెక్క కట్టేదానిలా కూర్చుండిపోయేది.

సెప్టెంబర్‌లో టవర్లు కూలాయి. మాకు పెంటగన్ దగ్గర, దాని మీదా ఒక విమానం పడింది. ఆ పొగను మా ఆఫీసు మెట్ల మీద నిలబడి చూశామని చాలామంది చెప్పేవాళ్లు, నాకు మాత్రం ఆ రోజు ఆకాశం మరీ నీలంగా ఉన్నట్టే గుర్తు. మర్నాడు మా ఆయన కారుకు జెండా స్టికర్ అంటించాడు. మా ఎదురింటి సర్దార్జీ తన గ్యారేజీ తలుపుకు గజం పొడవు జెండా కట్టాడు. గుడికి పోయినచోట ఒకావిడ నాకు బొట్టు పెద్దది పెట్టుకోమని సలహా ఇచ్చింది, ఇంకొకావిడ అసలు పెట్టుకోవద్దంది. రెండు వారాల పాటు నేను ఎక్కడ కారు ఆపినా రియర్‌వ్యూ అద్దంలో వెనక చూసుకుని దిగేదాన్ని. సూపర్‌మార్కెట్లో ఒక ముసలాయన నా సామాన్ల తోపుడు బండికి తన బండి గుద్ది, మీ ఊరికి పొమ్మన్నాడు. నేను ఏమీ అనలేదు. అనకపోవడం లోపల ఎక్కడో పేరుకుంది.

టీచరమ్మ కూతురు ఫోన్ చేసి, అమ్మను కొన్నాళ్లు బయటికి పంపనంది. ఆ పక్కనుంచి టీచరమ్మ ఫోన్ లాక్కుని, శనివారం పది గంటలకు రమ్మంది. స్కూలు ఓనరు కూడా వద్దన్నట్టే మాట్లాడాడు. కారు మీది డ్రైవింగ్ స్కూల్ బోర్డు తీసేస్తే నయమన్నాడు. బోర్డు తీసేశాను. అది తప్పయింది. బోర్డు ఉంటే నేర్చుకునేవాళ్లని తెలిసేది.

అక్టోబర్ మొదట్లో, శనివారం పొద్దున. మూతబడ్డ ఫర్నిచర్ షాపు ముందు ఖాళీ పార్కింగ్ ఉంది. అక్కడే రివర్స్ నేర్పేదాన్ని. స్టీరింగ్ దగ్గర టీచరమ్మ, పక్కన నేను. నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేక్ ఉండేది. ఒక పికప్ ట్రక్కు వచ్చి మా ముందు అడ్డంగా ఆగింది. ఒకడు దిగాడు. ముప్ఫై ఏళ్లుంటాయి. ఒంటి నిండా సున్నపు దుమ్ము, పనిలోంచి వచ్చినట్టున్నాడు. చేతిలో బేస్‌బాల్ బ్యాట్. దారి అడుగుతాడేమో అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

మొదటి దెబ్బకు కారు ముందు అద్దం సాలెగూడులా చీలింది. రెండో దెబ్బకు ముక్కలు మా ఒళ్లో పడ్డాయి. అతను అరుస్తున్న మాటల్లో నాకు అర్థమైనవి రెండే, రెండూ రాయదగ్గవి కావు. లాక్ వేయమని టీచరమ్మకు చెప్పేలోపే తలుపు లాగి స్కార్ఫ్ పట్టుకున్నాడు. ఆవిడ సీట్‌బెల్ట్‌లో ఉంది. బయటికి రాలేదు. అతను లాగుతున్నాడు, బెల్ట్ వదలడం లేదు, స్కార్ఫ్ గొంతుకు బిగుసుకుంటోంది. ఆవిడ తల తలుపు అంచుకు కొట్టుకుంది. ఒకసారి కాదు. ఆ చప్పుడు నేను ఇంకా దేనికీ పోల్చలేను.

సీటు కింద స్టీరింగ్‌కు తాళం వేసే ఇనుప కడ్డీ ఉండేది, ఎర్ర రంగుది, మోచేతి కన్నా కొంచెం పొడుగు. అది తీసుకుని నా వైపు నుంచి దిగి బానెట్ చుట్టూ పరుగెత్తాను. అతను స్కార్ఫ్ వదిలి నా మీదికి బ్యాట్ ఊపాడు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. ఎముక విరిగినప్పుడు నొప్పి రాలేదు, ముంజేయి ఉండకూడని చోట వంగడం కనిపించింది. కుడిచేత్తో అతని మోకాలి మీద కొట్టాను. అతను కూలాడు. బ్యాట్ దొర్లుకుంటూ కారు కిందికి పోయింది. నేల మీద పడి, మోకాలు పట్టుకుని, నా వైపు తల ఎత్తి చూశాడు. ఆ చూపులో భయం ఉంది. అది చూశాక కొట్టాను, మూతి మీద. పళ్లు విరగడం కడ్డీలోంచి నా చేతిలోకి తెలిసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ క్షణం నాకు బాగుంది. సూపర్‌మార్కెట్లో ముసలాయన, రెండు వారాల వెనకచూపులు, అన్నీ అందులో ఉన్నాయి. మళ్లీ ఎత్తాను.

చెయ్యి దిగలేదు. టీచరమ్మ బెల్ట్ విప్పుకుని దిగి నా మణికట్టు పట్టుకుంది. స్కార్ఫ్ ఊడిపోయింది, సగం నెరిసిన జుట్టులోంచి నెత్తురు కంట్లోకి కారుతోంది.

“చాలు,” అంది. “కారెక్కు. ట్రక్కులో ఇంకొకడున్నాడు.”

నిజమే. పికప్‌లో రెండోవాడు తలుపు తీస్తున్నాడు. నేను కుప్పలా పక్క సీట్లో పడ్డాను. ఆవిడ స్టీరింగ్ దగ్గర కూర్చుని రివర్స్ వేసింది. నేను నేర్పినట్టే తల తిప్పి వెనక చూస్తూ, తిన్నగా, పార్కింగ్ చివరిదాకా పోయి మెయిన్ రోడ్డెక్కింది. ముందు అద్దం లేదు. గాలి గాజు పొడిని మొహాన కొడుతోంది. ఆస్పత్రికి ఎడమకు తిరగాలి. ఎదురుగా శనివారపు ట్రాఫిక్. నేను బ్రేక్ మీద కాలు పెట్టాను. కాలు తియ్యి అంది. తీశాను. ఒక కంటికి నెత్తురు అడ్డం పడుతుంటే తుడుచుకుని, రెండు కార్ల మధ్యలోంచి తిప్పేసింది.

ఎమర్జెన్సీలో మమ్మల్ని పక్కపక్క మంచాల మీద వేశారు. మధ్యలో తెర. ఆవిడ తలకు కుట్లు వేస్తున్నారు. నా చేతికి ఆపరేషన్ కావాలన్నారు. పోలీసు వచ్చి అడిగినవన్నీ అడిగి రాసుకుపోయాక, తెర అవతలినుంచి ఆవిడ మాట్లాడింది.

“మొదటి దెబ్బ నీది. రెండోది నీది కాదు, కోపానిది. మూడోది కొట్టి ఉంటే ఆగేదానివి కాదు. నాకు తెలుసు. మా అన్నను కొట్టినవాళ్లు ఆగలేదు.”

ఎవరు కొట్టారని అడిగాను. ఊరివాళ్లే అనుకున్నాను, ఆ గడ్డపార పట్టుకున్న రోజు సంగతి.

“రాజుగారి మనుషులు,” అంది.

అంతకన్నా ఆ రోజు చెప్పలేదు. నర్సు వచ్చి నన్ను తీసుకుపోయింది.

మా ఆయన ఆస్పత్రికి వచ్చి నన్ను చూసి ముందు ఏడ్చాడు, తర్వాత కోప్పడ్డాడు. “నువ్వు కారెందుకు దిగినవ్? 911కి కాల్ చేసి డోర్ లాక్ చేసుకుంటే అయిపోవు గదా,” అన్నాడు. లాక్ చేసుకునేలోపు ఏం జరిగిందో మళ్లీ చెప్పాను. నాలుగోసారి చెప్పినప్పటికి ఊరుకున్నాడు. మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. అది నా మంచం చివర కూర్చుని, కట్టు చూసి, “అమ్మా, నువ్వు అతన్ని హిట్ చేశావా? కింద పడ్డాక కూడా?” అని అడిగింది. అవునన్నాను. ఆ తర్వాత చాలా రోజులు అది, నేను జడ వేస్తుంటే, మెడ బిగుసుకుని కూర్చునేది. అంతకుముందు అలా ఉండేది కాదు.

బ్యాట్‌తో వచ్చినవాణ్ణి ఆ సాయంత్రమే పట్టుకున్నారు. కేసు మరుసటి ఏడు నడిచింది. అతను నేరం ఒప్పుకున్నాడు. టవర్లలో గానీ పెంటగన్‌లో గానీ నీవాళ్లెవరైనా పోయారా అని జడ్జి అడిగితే, లేరు అన్నాడు. పళ్లు లేక ఆ మాట సరిగ్గా పలకలేదు. అతని లాయరు నా రెండో దెబ్బ గురించి రాబట్టడానికి చాలా చూశాడు. దాచకుండా చెప్పాను. నా మీద కేసు పెట్టలేదు. అతనికి జైలు పడింది. బయట వరండాలో అతని తల్లి నాకు ఎదురైంది. సన్నగా, నీరసంగా, మా మేనత్తలా ఉంది. “వాడు ఇంకా జావ తాగే బతుకుతున్నాడు,” అంది. అని పక్కకు తిరిగి నేల మీద ఉమ్మింది. టీచరమ్మ నా మోచెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. మెట్లు దిగేదాకా వదల్లేదు.

ఆవిడకు లైసెన్సు వచ్చింది. కుట్ల మీద జుట్టు మొలవలేదు, స్కార్ఫ్ కింద ఎలాగూ కనపడదు అనేది. శుక్రవారాలు తను డ్రైవ్ చేసుకుంటూ మా ఇంటికి వచ్చి మా అమ్మాయికి లెక్కలు చెప్పేది. అన్న మాట నేను ఎత్తలేదు. తనూ ఎత్తలేదు.

2004లో అన్నే వచ్చాడు. మూత్రపిండాలు చెడిపోయి, ఇక్కడ వైద్యం చేయించుకోవడానికి వచ్చాడు. అరవై ఏళ్లు నిండలేదు, ఎనభై ఏళ్లవాడిలా ఉన్నాడు. పరిచయం చేస్తామని నన్ను భోజనానికి పిలిచారు. చెయ్యి కలిపినప్పుడు చూశాను. కుడిచేతి వేళ్లకు గోళ్లు లేవు. గోళ్లు ఉండవలసిన చోట ముడతలు పడ్డ నున్నటి చర్మం.

వచ్చి మూడు రోజులే అయింది. అప్పటిదాకా పడక గదిలోనే ఉన్నాడట, ఆ రోజే మొదటిసారి ముందు గదిలోకి వచ్చాడు. గోడ మీద రాజు ఫొటో ఉంది, నేను కార్లో చూసినదే, పెద్దది చేసి ఫ్రేమ్ కట్టించింది. ఆయన దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత అన్నాచెల్లెళ్లు అరబ్బీలో మాట్లాడుకున్నారు. టీచరమ్మ కూతురు నా పక్కన కూర్చుని, చెవిలో ఒక్కొక్కటే ఇంగ్లిష్‌లో చెప్పింది.

ఆయన చమురు తవ్వే ఊళ్లో పనిచేసేవాడు. కూలీల ఇళ్లలో నీళ్లు లేవని కాగితం రాసి పదిమందితో సంతకాలు పెట్టించాడు. తర్వాత ఏదో తిరుగుబాటు కుట్ర బయటపడిందని దేశమంతా అరెస్టులు జరిగినప్పుడు ఆ కాగితం ఆయన మెడకు చుట్టుకుంది. ఆరేళ్లు లోపలున్నాడు. పేర్లు చెప్పమని అడిగేవాళ్లు. చెప్పడానికి ఆ పదిమంది పేర్లు తప్ప ఇంకేమీ లేవు. ఆ పదిమందీ పక్క గదుల్లోనే ఉన్నారు. అయినా అడిగేవాళ్లు. రోజుకొక గోరు. ఎడమచెయ్యి మొదలుపెట్టే ముందు అక్కడి డాక్టరు ఆపించాడట, సంతకం చేయడానికి ఒక చెయ్యైనా మిగలాలని. రాజుని కాల్చి చంపిన రోజు ఆ కబురు జైలు గదుల గోడల మీద తట్టే సైగలుగా వచ్చింది. వాళ్లు అన్నం గిన్నెలు కొట్టుకుంటూ పాడారట. ఆ ఏడే కొత్త రాజు వాళ్లను వదిలేశాడు.

“నువ్వు బళ్లో లెక్కలు చెప్తుంటే నేను ఎక్కడున్నానో నీకు తెలుసు,” అన్నాడాయన చెల్లెలితో. “తెలిసి ఈ బొమ్మ గోడకు పెట్టావు.”

“తెలుసు,” అంది టీచరమ్మ. “నీ కోసం అర్జీలు రాసింది ఎవరనుకున్నావు? నాన్నకు రాయడం వచ్చా? పద్నాలుగు రాశాను. ఈయనకే రాశాను. ఈయన బడి పెట్టబట్టి రాయగలిగాను.”

“జవాబు వచ్చిందా?”

“రాలేదు.”

ఆయన గోళ్లు లేని చెయ్యి పిడికిలి చేసి ఫ్రేమ్‌ను కొట్టాడు. అద్దం పగిలింది. మళ్లీ కొట్టాడు. మూడోసారి కొట్టబోతుంటే టీచరమ్మ లేచి పోయి ఆయన చెంప మీద కొట్టింది, బలంగా, తల పక్కకు పోయేట్టు. డయాలిసిస్ మనిషి, తూలి సోఫాలో పడ్డాడు. ఆయన చేతినుంచి నెత్తురు తివాచీ మీద పడుతోంది. పలచగా, ఆగకుండా కారింది. మందుల వల్ల అలా కారుతుందని తర్వాత తెలిసింది. టీచరమ్మ అన్న ముందు కూర్చుని, అద్దం ముక్కలు వేళ్లతో ఏరి తీసింది. ఆయన నొప్పికి ఒక్కసారి కూడా చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అంబులెన్స్ వచ్చేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆవిడ ఆ ఫొటో మళ్లీ గోడకు పెట్టలేదు. పారేయలేదు కూడా. ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు.

తర్వాత రెండేళ్లు అన్నను వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు తీసుకుపోయింది తనే. కార్లో ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారని ఒకసారి అడిగాను. దెబ్బలాడుకుంటామంది. అన్న, రాజు తెరిపించిన బళ్ల సంగతి ఒప్పుకునేవాడట, రోడ్లు, ఆస్పత్రులు, బానిసల్ని విడిపించిన ఆజ్ఞ, అన్నీ ఒప్పుకునేవాడట. ఒప్పుకుని, ఆ మనిషి పేరు నా ముందు గౌరవంగా అనకు అనేవాడట. తనేమో పేరు అనకుండా చెప్పడం నేర్చుకున్నానంది. నేనూ అందుకే ఇక్కడ ఆయన పేరు రాయలేదు.

2006 చలికాలంలో ఆయన పోయాడు. మసీదు వెనక గదిలో మగవాళ్లు స్నానం చేయించడానికి తీసుకుపోయారు. మేం బయట కుర్చీల్లో కూర్చున్నాం. వాళ్లలో ఎవరికీ ఆయన తెలియదు, పుణ్యం కోసం వచ్చినవాళ్లు. చాలాసేపయ్యాక ఒక పెద్దాయన తడి చేతులతో బయటికి వచ్చి, టీచరమ్మ ముందు తల దించుకుని నిలబడి, మీ అన్నగారు యుద్ధంలో పనిచేశారా అని ఇంగ్లిష్‌లో అడిగాడు. వీపు చూశామన్నాడు. ఎంతో మందిని కడిగాను, ఇలాంటి వీపు చూడలేదన్నాడు.

ముప్ఫై ఏళ్లకు పైగా టీచరమ్మ ఆ వీపు చూడలేదు. విడుదలై వచ్చిన రోజు తల్లి అన్నను చొక్కా విప్పమంటే తను గదిలోంచి వెళ్లిపోయిందట. తర్వాత ఎప్పుడూ చూపించమని అడగలేదు.

“యుద్ధం కాదు,” అంది. “మా దేశంలో జైలు. ఒక మంచి రాజు కాలంలో.”

ఆ పెద్దాయనకు ఆవిడ వెటకారంగా అందో, నిజంగా అందో అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. టీచరమ్మ వంగి రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదిలాయి గానీ గొంతు బయటికి రాలేదు. రాళ్లు పడ్డ రోజు అలాగే ఏడుపు మింగి ఉంటుంది.

రెండేళ్ల తర్వాత ఆవిడ వెనక్కి వెళ్లిపోయింది. పుట్టిన ఊళ్లోనే చావాలని మొదటినుంచీ అనేది. మేం అప్పటికి పక్క రాష్ట్రంలోని క్యారీకి మారాం. ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం. పక్క దేశాల్లో పాలకులు దిగిపోవాలంటూ జనం వీధుల్లోకి వచ్చిన ఏడు, మీ దగ్గర ఎలా ఉందని అడిగితే, ఫోన్‌లో అలాంటివి అడగవద్దంది. మా అమ్మాయి కాలేజీలో గణితం తీసుకుందని చెప్తే చాలాసేపు నవ్వింది. మా అమ్మాయి తనే ఫోన్ తీసుకుని, “టీచర్, ఐ మిస్ చేస్తున్నాను మిమ్మల్ని,” అని తెలుగూ ఇంగ్లిష్ కలిపేసింది.

2013లో ఆవిడ పోయిందని, అక్కడికి వెళ్లిన కూతురు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. ఆ దేశంలో ఆడవాళ్లు శ్మశానంలోకి పోకూడదు. అయినా పాత విద్యార్థినులు వచ్చారు. ముసలివాళ్లయినవాళ్లు, మనవల్ని ఎత్తుకున్నవాళ్లు, డాక్టర్లు, టీచర్లు. శ్మశానం గోడ బయట వీధిలో మిట్టమధ్యాహ్నం ఎండలో నల్లటి బురఖాల గుంపుగా నిలబడ్డారు. పోలీసులు వచ్చి వెళ్లిపొమ్మన్నారు. వాళ్లు వెళ్లలేదు. మట్టి వేసేదాకా ఉంటామన్నారు. తర్వాత పోలీసులు కర్రలతో తోశారు, కొందరు కింద పడ్డారు, ఒకావిడకు నుదురు పగిలింది. కూతురు ఇదంతా ఎక్కడా ఆగకుండా చెప్పుకుపోయింది. ఎంతమందికి దెబ్బలు తగిలాయని అడిగాను. లెక్కపెట్టలేదంది. మట్టి వేసేదాకా మాత్రం ఎవరూ కదల్లేదంది.